థార్న్‌డైక్ కోడిపిల్లలు

“పిల్లి బాగా ఆలోచించి పెట్టె తలుపు తీసింది” అని భానుప్రియ అనగానే వెనక బెంచీలో రాజశేఖర్ పకపకా నవ్వాడు.

నంద్యాల బీఈడీ కాలేజీలో ఆ రోజు సైకాలజిస్ట్ థార్న్‌డైక్ పిల్లి ప్రయోగం మీద ఆమె సెమినార్.

“ఏందీ నవ్వు?” భానుప్రియ నిలదీసింది.

“పిల్లి ఆలోచించలేదని చూపించినాడు థార్న్‌డైక్. అది గీకింది, కొరికింది, యాడో కాలు తగిలి తలుపు తెరుచుకునింది. బయట చేప దొరికింది. చేయంగా చేయంగా అదే అలవాటైంది.”

క్లాసంతా గొల్లుమంది. భానుప్రియ చెవులు ఎర్రబడ్డాయి. వారం రోజులు అతని ముఖం చూడలేదు.

రాజశేఖర్‌కు అన్నం సహించలేదు. చేరిన రోజు నుంచి ఆమెతో మాట కలపాలని చూసి చూసి, చివరికి కలిపింది ఇలాగా!

ఎనిమిదో రోజు సాయంత్రం ఆమె వెనకే ఆళ్లగడ్డ బస్సెక్కి పక్క సీట్లో కూర్చున్నాడు.

“మీ ఇల్లు నంద్యాల్లో కదా! యాడికి పోతాండావ్?”

“సారీ చెప్పేదానికి.”

“దానికి టికెట్ కూడా తీసుకున్నావా?”

“ఆళ్లగడ్డ దాకా.”

ఆమె నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

“థార్న్‌డైక్ ముందు కోడిపిల్లల మీద ప్రయోగాలు చేసినాడు, తెలుసా?” రాజశేఖర్ మొదలుపెట్టాడు. “ ఇంటి ఓనరమ్మ ఒప్పుకోకపోతే, వాటిని ప్రొఫెసర్ ఇంటి సెల్లార్లో పెట్టుకున్నాడు. అప్పుడే ఒకమ్మాయిని ఇష్టపడినాడు. ఆమె వద్దనింది. పాపం, కోళ్లను ఎత్తుకొని న్యూయార్క్ పోయినాడు. పిల్లుల పెట్టెలు ఆడ చేసినవే.”

“మరి ఆ అమ్మాయి?”

“మూడేండ్లకు ఆయన్నే పెండ్లి చేసుకునింది.”

అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. భానుప్రియ గొంతు తగ్గింది.

“నాకు మూడేండ్ల టైం లేదప్పా. ఆదివారం నన్ను చూసేదానికి వెలుగోడు నుంచి వస్తాండారు.”

రాజశేఖర్ గబుక్కున ఆమె వైపు తిరిగాడు. “వద్దని చెప్పు.”

“ఎందుకు చెప్పాల?”

“నువ్వంటే నాకిష్టం. ఫస్ట్ డే నుంచి.”

“ఈ ఒక్క మాటకు పిల్లులు, కోళ్లు అన్నీ రావాల్నా?” కసిరింది గానీ, ఆమె కళ్లు నవ్వుతున్నాయి.

ఆళ్లగడ్డలో వాన దంచుతోంది. బస్టాండులో ఆమె తండ్రి వెంకటేశ్వర్లు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. భానుప్రియ నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

“నాయనా, వెలుగోడు వాళ్లను రావద్దని చెప్పు. ఈయన రాజశేఖర్, నాతోనే చదువుతాండాడు. నాకు ఇష్టం.”

వెంకటేశ్వర్లు అతన్ని ఎగాదిగా చూశాడు. “ఏమప్పా, అంతా మా పాపే చెప్పాల్నా? నీకు నోరు లేదా?”

“ఉంది మామా!”

అనేశాక రాజశేఖర్ నాలుక కరుచుకున్నాడు.

“అప్పుడే మామానా?” వెంకటేశ్వర్లు మీసాల కింద నవ్వు కదిలింది. “తడుస్తాండావ్, గొడుగు కిందికి రా. ఆదివారానికి వంటోళ్లకు ఎట్లాగూ చెప్పేసినాం. మీ అమ్మానాయనను పిలుచుకొని రా.”