తెలిసినవాళ్లకి టెస్టు పెట్టకూడదు

"మోటారు తిరుగుతోంది కదా మేడం!" అన్నాడు ఉదయ్ భాస్కర్, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

తిరుగుతోంది. బల్ల మీది చిన్న మోటారు గుయ్యిమని చక్కగా తిరుగుతోంది. అయినా ఎదురుగా నిలబడ్డ ఉషారాణి మొహంలో మెచ్చుకోలు మచ్చుకైనా లేదు.

ఖమ్మంలో అదొక చిన్న కంపెనీ. పొలాల్లో బోరు మోటార్లని ఫోనుతో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ డబ్బాలు తయారుచేస్తుంది. ఫీల్డ్ ఇంజనీర్ ఉద్యోగానికి ఎవరొచ్చినా అక్కడ సర్టిఫికెట్లు తర్వాత, ముందు టెస్టు. డబ్బాలో మూడు లోపాలు దాచి ముందు పెడతారు. మీటరూ స్క్రూడ్రైవరూ ఇస్తారు. గంటలో ఆ లోపాలేమిటో కనిపెట్టి చెప్పాలి. వాటిని దాచే పని ఉషారాణిది. ఆ పనిలో ఆమెకి దయాదాక్షిణ్యాలు లేవని ఆఫీసులో పేరు.

మోటారుకొచ్చే కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి రావట్లేదని ఉదయ్ ఇట్టే పట్టేశాడు. ఎందుకు రావట్లేదో మాత్రం చూడలేదు. "ఒక్క నిమిషం" అని కిందికి పరిగెత్తి, బండి డిక్కీలోంచి కండెన్సర్ తెచ్చి తగిలించి, మిగిలిన రెండు ఫేజుల మీదే మోటారు తిప్పేశాడు. కల్లూరులో వాళ్ల నాన్న వెంకటరామారావు పొలంలో చేసే పనే అది. ఒక ఫేజు పోయిందంటే కరెంటువాళ్ల కోసం ఎదురుచూసే ఓపిక అక్కడ ఏ రైతుకీ లేదు. కండెన్సర్ పెట్టి నీళ్లు పారించుకోవడమే.

"ఇది యాడిది?" అంది ఉష, కండెన్సర్ వైపు చూపిస్తూ.

"మాదేనండీ. నాన్న పొద్దున కొనుక్కురమ్మన్నారు."

"టెస్టుకు ఇంటి సామాను తెచ్చుకునుడు ఏంది?"

"పనయిందా లేదా చూడండి."

"ఒక ఫేజు పోతే మోటారు కాలకుండ ఆపేటందుకే మా డబ్బా ఉన్నది. మీరు దాన్నే పక్కకు పెట్టి తిప్పిన్రు."

"వరి ఎండిపోతుంటే ఫేజు కోసం ఎవరాగుతారండీ?"

"రేపు మోటారు కాలితే మీరు కొనిస్తరా?"

ఉదయ్ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. మెల్లగా అడిగాడు. "ఎన్ని మార్కులండీ?"

"సున్న."

"రౌండ్ చేసి చెప్తున్నారా?"

ఉషకి నవ్వొచ్చింది. దాన్ని పళ్ల వెనకే ఆపేసింది. "మూడు నెలల తర్వాత మళ్ల రావచ్చు."

అతని మొహం వాడిపోయింది. దసరాలోపు ఉద్యోగం రాకపోతే నోరు మూసుకుని తమ ఎరువుల షాపులో కూర్చోవాలని నాన్న తేల్చి చెప్పేశాడు. ఆ యూరియా బస్తాల మధ్య, ఆ వాసనలో, జీవితమంతా! తలచుకుంటేనే ఉదయ్‌కి ఊపిరాడదు. మూడు నెలలంటే సరిగ్గా దసరా ముందుకొస్తుంది. ఇక ఒక్కటే అవకాశం.

టెస్టు తప్పినవాళ్లు మామూలుగా పోట్లాడతారు, లేదంటే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఇతను రెండూ చెయ్యలేదు. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"నేను చేసింది తప్పని మీరంటున్నారు. నాకు నిజంగా అర్థం కాలేదండీ. అర్థమయ్యేలా చెప్పి పంపండి."

ఆ మాట అడిగినవాడు ఇంతవరకూ లేడు. ఉష పెన్ను క్యాప్ తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"రేపు దమ్మపేట దిక్కు ఫీల్డుకు పోతున్న. వచ్చి సూడుండ్రి" అంది చివరికి. అని, ఎందుకన్నానా అని సాయంత్రమంతా తన మీద తనే విసుక్కుంది.

మర్నాడు దమ్మపేటలో వైండింగ్ షాపు ముందు అతను ఆమెకన్నా ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. షాపు నిండా కాలిపోయిన మోటార్లు. విప్పిన రాగి తీగ నల్లగా మసి పట్టి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. మాడిన వార్నిష్ వాసన ముక్కుకి కొడుతోంది.

"ఇయ్యన్నీ రెండు ఫేజుల మీద నడిపినయే" అన్నాడు షాపాయన, చేస్తున్న పని ఆపకుండా. "నాకైతే మంచిదే. మీరిట్లనే నడుపుండ్రి."

ఉదయ్ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి నాన్న మోటారుకున్న కండెన్సర్ పీకేశాడు. వెంకటరామారావు అరిచిన అరుపులకి పక్క పొలంలో కొంగలు లేచిపోయాయట. ఆ సంగతి ఉదయ్ ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఉష ఈసారి నవ్వు ఆపుకోలేదు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. తర్వాతి వారం ములకలపల్లి అవతల అడవి అంచున డబ్బాలు బిగించే పని పడితే, అక్కడా వచ్చాడు. ఆపై వారం కూడా. జీతం లేదు, బత్తా లేదు. పెట్రోలు తనదే. ఉష డబ్బా బిగిస్తుంటే వైర్లు పట్టుకునేవాడు, లోపమెక్కడుందో వెతికేవాడు, తప్పు చెప్పి తిట్లు తినేవాడు.

ఒకరోజు పామాయిల్ తోట పక్కన వాన పట్టుకుంది. ఇద్దరూ మోటారు షెడ్డులోకి దూరారు. షెడ్డంటే ఒక మోటారుకి సరిపడా రేకులే. ఒకరి భుజం ఎలాగూ తడవాలి. ఉదయ్ తన భుజాన్ని వానకి వదిలేశాడు.

"మోటారు రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతున్నది. మూడు ఫేజులూ ఉన్నయి. ముందు ఏం సూడాలె?" అంది ఉష. వానలోనూ ఆమెకి టెస్టే.

"కళ్లు."

"ఏంది?"

"అదే, లోడెక్కువైతే మోటారు ఆపేసే రిలే అండీ. రిలే సెట్టింగ్."

"అట్ల చెప్పు." అప్పుడే మొదటిసారి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టు వానని చూశారు.

తిరుగు ప్రయాణంలో ఏన్కూరు దగ్గర తండాలో ఉష వాళ్లింటి ముందు ఆగారు. వాళ్లమ్మ పేరు పూలి. ఆమె జొన్నరొట్టె పెట్టి, పిలగాణ్ణి ఎగాదిగా చూసి, కూతుర్ని తమ లంబాడీ భాషలో ఏదో అడిగింది. ఉష మొహం ఎర్రబడింది.

"ఏమంటున్నారు?" అన్నాడు ఉదయ్.

"రొట్టె ఇంకొకటి కావాల్నా అంటున్నది."

"దానికి మీ మొహం అలా అయిందేంటి?"

"తిను ముందు."

బయటికొచ్చాక ఉషే మాట ఎత్తింది. "నువ్వు ప్రతి వారం నా ఎనకాల తిరుగుతున్నవ్. తండా పిల్లనని మీ ఇంట్ల ఏమంటరో ఎరికేనా?"

"అంటారు. కొన్నాళ్లకి నోరు నొప్పి పుట్టి మానేస్తారు" అన్నాడు అతను. నవ్వుతూ అన్నా కళ్లు మాత్రం నవ్వలేదు. "ముందు ఉద్యోగం రానీండి. ఎరువుల షాపులో కూర్చున్నవాడి మాట మా ఇంట్లో చెల్లదు. నా కాళ్ల మీద నేను నిలబడితే అప్పుడు మాట్లాడతాను."

ఆ మాటతో ఉషకి స్థిమితం పోయింది. ఆఫీసులో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలిసేది కాదు. మీటరు చేతిలో పెట్టుకుని మీటరు కోసం వెతికింది. ఉదయ్ మెసేజ్ వస్తే విసుగు, రాకపోతే ఇంకా విసుగు. ఇదేం రోగమో ఆమెకి బాగా తెలుసు. పేరు పెట్టడానికే భయం.

రెండో టెస్టు దగ్గరపడేకొద్దీ భయం వేరే రూపం తీసుకుంది. ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. ఒకప్పుడు టెస్టు పెట్టే ఆయన తన బామ్మర్దికి లోపాలు ముందే చెప్పేసి ఉద్యోగం ఇప్పించాడు. ఆ బామ్మర్ది ఫీల్డులో నాలుగు మోటార్లు తగలబెట్టాక సంగతి బయటపడింది. అప్పటినుంచి యజమాని రామ్‌చందర్ ప్రతి టెస్టు రోజూ పొద్దున, వచ్చినవాళ్లందరి ముందూ గట్టిగా ఒక ప్రశ్న అడుగుతాడు. టెస్టు పెట్టేవాళ్లకి తెలిసినవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్లకి తనే పెడతాడు. రామ్‌చందర్ టెస్టు గట్టెక్కినవాళ్లు బహు తక్కువ.

లేరు సార్ అంటే చాలు. లోపాలు దాచేది తనే. ఉదయ్ ఏవి బాగా పడతాడో తనకి తెలుసు. అవే దాచితే అతనికి ఉద్యోగం, ఎరువుల షాపు తప్పుతుంది, ఆ తర్వాత అన్నీ సాఫీగా జరిగిపోతాయి. ఒక్క చిన్న మాట.

టెస్టు రోజు బెంచీ మీద నలుగురైదుగురు కుర్రాళ్లు. చివర్లో ఉదయ్, ఇస్త్రీ చొక్కాలో. ఉషని చూసి గుర్తుపట్టనట్టు బుద్ధిగా నమస్కారం పెట్టి, కొంటెగా కళ్లు దించుకున్నాడు. లేరు అంటుందని అతనికి నమ్మకం.

"ఉషా, వీళ్లల్ల నీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు రామ్‌చందర్ అలవాటుగా, టీ గ్లాసు దించకుండానే.

ఉష బెంచీ చివరికోసారి చూసింది.

"ఉన్నరు సార్. ఉదయ్ భాస్కర్."

ఉదయ్ తల చటుక్కున పైకి లేచింది.

"నేను ఆయనకు టెస్టు పెట్టను సార్. మీరే పెట్టుండ్రి."

"ఎట్ల తెలుసు? క్లాస్‌మేటా?"

"కాదు. ఫీల్డుకు నా వెంట వస్తున్నడు. పని నేనే నేర్పిన."

"నేర్పితే తప్పేమున్నది? అందరికీ నేర్పుతనే ఉంటవ్ గదా. పెట్టు, ఫర్వాలేదు."

తప్పించుకునే దారి తెరిచే ఉంది. రామ్‌చందరే స్వయంగా తెరిచాడు. లోపలికి వెళ్లిపోతే సరి. ఉష కాళ్లు కదల్లేదు.

"నేర్పుడొక్కటే కాదు సార్" అంది. "ఆయన పాస్ కావాలని నాకు బాగా ఉన్నది. అంత ఇష్టం పెట్టుకుని నేను టెస్టు పెడితే అది టెస్టు కాదు. ఇష్టమంటే... మీకు అర్థమయ్యే ఇష్టమే."

బెంచీ మీద ఒక కుర్రాడి చేతిలోంచి ఫైలు జారిపడింది. రామ్‌చందర్ టీ గ్లాసు దించాడు. ఉదయ్ ముందు పాలిపోయాడు, తర్వాత చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"రా బాబూ లోపలికి" అన్నాడు రామ్‌చందర్, అతన్ని చూసి. "ఇగ నీకు నేనే దిక్కు."

ఆ గంటసేపు ఉష పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. మెట్లు దిగింది, ఎక్కింది. అక్కర్లేకపోయినా నీళ్లు తాగింది. నిజం చెప్పి అతని పీక కోశానా అనుకుంది. పీక కోసినా నిజమే చెప్పాలిగా అనుకుంది. లోపల మీటరు కీచుమంటే ఊపిరి పీల్చుకుంది, ఆగితే బిగబట్టింది. ఎంతమందిని ఆ బెంచీ మీద కూర్చోబెట్టిందో! కూర్చోవడం ఇంత కష్టమని ఇన్నాళ్లూ తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. ముందు రామ్‌చందర్ వచ్చాడు.

"రెండు పట్టిండు. మూడోది దొరకలేదు" అన్నాడు. "మామూలుగ అందరు ఏదో ఒకటి అల్లి చెప్తరు. ఈయన దొరకలేదని చెప్పిండు. దొరికేదాంక మోటారు ఆన్ చెయ్యద్దు సార్ అని నా చెయ్యి పట్టి ఆపిండు. గసోంటోడు కావాలె నాకు."

"అంటే సార్..."

"తీసుకుంటున్న. కాని నీ టీమ్‌ల కాదు. భద్రాచలం సెంటర్ల. మీ ఇద్దర్నీ ఒక్క తాన పెడితే నా మోటార్లెవరు సూస్తరు?" అంటూ ఆయన నవ్వు దాచుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఉదయ్ వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా?" అంది ఉష.

"ముందు వచ్చింది. నన్ను వదిలించుకుంటున్నారనుకున్నాను. తర్వాత మీరన్నది విన్నాక, మీటరు చూస్తుంటే ఒక్క అంకె బుర్రకెక్కలేదు. ఆ మూడోది అందుకే దొరకలేదు."

"సాకులు చెప్పకు."

"సార్‌కి చెప్పారు. బెంచీ మీద వాళ్లందరికీ చెప్పారు. నాకు చెప్పలేదు."

ఉష అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. "నువ్వంటే నాకు ఇష్టం, ఉదయ్. షెడ్డుల వాన పడ్డప్పటి సంది. సాలా?"

"చాలు. భద్రాచలం దాకా సరిపోతుంది." అన్నాడతను. "నాకు అంతకన్నా ముందు నుంచే. సున్నా వేసిన రోజు నుంచి."

"మీ నాన్నకు ఎప్పుడు చెప్తవ్?"

"ఉద్యోగం సంగతా?"

"రెండూ."

ఉదయ్ ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ వేళాకోళం లేదు. జేబులోంచి ఫోన్ తీసి అక్కడే నంబరు నొక్కాడు. అవతల రింగవుతుంటే ఉష మెట్టు మీద కూర్చుండిపోయింది. అతను పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నా, మీకు రెండు సంగతులు చెప్పాలి" అన్నాడు. "ముందు చిన్నది చెప్తా. నాకు ఉద్యోగం వచ్చింది."