మూడు వేళ్ల ఎత్తు

మదరాసులోని చూలై పేటలో కోళ్లు కూయడం మానేసి చాలా ఏళ్లయింది. గోవిందస్వామి కొలిమిలో సుత్తి మోగితే తెల్లవారినట్టే కాబట్టి కోళ్లు ఆ పని ఆయనకే వదిలేశాయని వీధిలో చెప్పుకునేవాళ్లు. ఆయన పని మోటారు బళ్లకు కమాన్లు కొట్టడం. చక్రాలకూ బండికీ మధ్య బరువు మోసే వంపు ఉక్కు పట్టీలవి. మోసి మోసి ఆ వంపు కూలబడిపోయిన లారీలు, వ్యాన్లు మదరాసు నలుమూలల నుంచీ మూలుగుతూ వచ్చి, ఆయన చేతిలో పడి తలెత్తుకుని పోయేవి. ఆయన కమాను వేసుకున్న లారీ ఒకటి గుంటలో పడితే డ్రైవరు నిద్ర కూడా లేవలేదట. ఇందులో అబద్ధం ఉంటే గుంట లోతు విషయంలోనే ఉంటుంది.

ఆ రోజు పొద్దున ఆయన భార్య చెంగమ్మ కాఫీ లోటా తెచ్చి, ఆయన ఇనుము పెట్టి కొట్టే దాగలి పక్కన పెట్టింది. కొడుకు బాలకృష్ణన్ ఆఫీసు బట్టల్లో నిలబడి తన కారు వైపు చూస్తున్నాడు. రెండు సీట్ల ఎర్ర రేసు కారు. ఎవరో తోట దొర చెట్టుకు గుద్ది, సీమకు పోతూ పాత ఇనుము కింద వదిలేసిన దాన్ని తండ్రీ కొడుకులు కలిసి బతికించారు. కమాన్లను మాత్రం గోవిందస్వామి ఎవరినీ ముట్టనివ్వలేదు. మౌంట్ రోడ్డులో మోటారు సామాన్లు అమ్మే ఉద్యోగానికి బాలకృష్ణన్ రోజూ ఆ కారులోనే పోతాడు. శుక్రవారమైతే తల్లిని మైలాపూరులో అమ్మణి పిన్ని ఇంటికి దింపుతాడు.

“నాయనా, కారు ఒక మూడు వేళ్లు కిందికి దించాల.”

“మనం ఎప్పుడురా దాన్ని మేడ ఎక్కించినాము, దించేదానికి?”

“ఎగతాళి వద్దు. షోళవరం పందెంలో నువ్వూ చూస్తివి గదా. బాగా పరిగెత్తే కార్లన్నీ నేలకు అంటుకోనే ఉండాయి. మలుపులో పక్కకు ఒరగవు. మనది చూడు, కొంగ మాదిరి నిలబడుండాది.”

“నువ్వు దినమూ పోయేది పందేనికా, పనికా?”

“పనికి పోయే దోవలో మలుపులు లేవా?”

“గుంటలు కూడా ఉండాయి నాయనా,” అంది చెంగమ్మ. “ఈడ నుంచి మైలాపూరు దాకా ఒక్కొక్కటీ నా నడుముకు పేరు పేరునా తెలుసు.”

గోవిందస్వామి నవ్వలేదు. “పుట్టినకాడి నుంచి కూలబడిన బళ్లను లేపతా ఉండాను. నిక్షేపంగా ఉండే బండిని నా చేత్తోనే కూలబెట్టమంటావా? నువ్వు వీధిలో పోతావుంటే ఏమంటారు? సొంత కొడుకు కారుకే కమాను దిగిపోయె, ముసిలోడి పని అయిపోయె అంటారు.”

“దించేది వేరు, కూలేది వేరు నాయనా.”

“చూసేవాడికి రెండూ ఒకటే.”

“సరి. నీకు ఇష్టం లేకపోతే విడిచిపెట్టు. మా షాపు పక్కన కమాన్లు కొట్టేవాడు ఇంకొకడు ఉండాడు. ఆడ దించిస్తా.”

సుత్తి ఆగిపోయింది. వీధిలో జనం ఏమైందోనని తొంగి చూశారు.

“తీసుకోని పో,” అన్నాడు గోవిందస్వామి మెల్లగా. “నాకుండేది ఒక్క కొడుకు. సుత్తి పట్టనంటివి, ఊరుకుంటి. చొక్కా నలగకుండా సామాన్లు అమ్ముకుంటానంటివి, ఊరుకుంటి. నా పట్టీ మీద పరాయివాడి దెబ్బ పడితే మాత్రం, ఈ కొలిమి నేనే ఆర్పేస్తా.”

చెంగమ్మ కాఫీ చల్లారిందని చెప్పబోయి, చల్లారింది కాఫీ ఒకటే కాదని ఊరుకుంది. ఆ వారమంతా తండ్రీ కొడుకులు ఆమె ద్వారానే మాట్లాడుకున్నారు. “ఉప్పు అందుకోమని చెప్పు” అని ఒకరు, “అందుకున్నానని చెప్పు” అని ఇంకొకరు. మధ్యలో ఆమె ముద్ద మింగడానికే తీరిక లేకపోయింది.

ఆదివారం తొండియార్‌పేటలో చుట్టాల పెళ్లి. మొగుడూ పెళ్లాం పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చేసరికి కొలిమి షెడ్డులో ఎర్ర కారు తాబేలులా నేలకు అతుక్కుని ఉంది. బాలకృష్ణన్ ముఖం నిండా మసి. పక్కన సమ్మెట వేసే మునిరాజు తల గోక్కుంటున్నాడు.

“మామా, కారు బాగా దిగింది,” అన్నాడు మునిరాజు. “బయటికి పోయేదే లేదు.”

షెడ్డు వాకిట్లో, వానాకాలం కాలవ నీళ్లు లోపలికి రాకుండా గోవిందస్వామే కట్టిన సిమెంటు అడ్డుకట్ట ఉంది. పుట్టినప్పటి నుంచీ దాన్ని దాటుతూ తిరిగినవాడు కాబట్టి బాలకృష్ణన్ కాళ్లకు అది గుర్తుంది, బుర్రకు లేదు. కారు పొట్ట ఆ కట్టకు తగిలి ఆగిపోయింది.

గోవిందస్వామికి నవ్వు రాలేదు. వంగి కమాన్లను చూశాడు. “నా పట్టీలను చదును చేసేస్తివా?”

“నీవి నేను ముట్టలే నాయనా. గోనెలో చుట్టి అటక మీద పెట్టినా. ఇవి నేను కొట్టినవి.”

“పరాయివాడి దగ్గరికి పోతానంటివి.”

“పోతిని. వాడు నీ పట్టీ మీద సుత్తి ఎత్తినాడు. నేను ఓర్చుకోలేక కారు వెనక్కి తోలుకోని వచ్చేస్తిని.”

గోవిందస్వామి చిన్న సుత్తి తీసుకుని ఒక్కొక్క పట్టీనీ తట్టి చెవి పెట్టి విన్నాడు. చేత్తో తడిమాడు. కారు వెనక ఎక్కి కూర్చుని ఊగాడు. చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు పుట్టినప్పుడు కూడా ఆయన అంత సేపు చూడలేదు.

“పదును ఎవరు పట్టిరి?”

“నేనే. చిన్నప్పుడు నువ్వు నూనెలో ముంచేది చూస్తా ఉంటిని గదా.”

“ఊఁ,” అన్నాడు గోవిందస్వామి. కారు దిగి వీధిలోకి కేకేశాడు. “ఒరే, నలుగురు రండిరా. మా వాడి కారు ఊరేగింపుకు లేస్తా ఉండాది.”

వచ్చింది నలుగురు కాదు, సగం చూలై. దేవుడి పల్లకిలా కారును ఎత్తి కట్ట దాటించారు. ఇద్దరు ముసలమ్మలు దానికి దండం కూడా పెట్టారంటారు. గోవిందస్వామి కొడుకు పక్కన కూర్చుని, పోనియ్యమన్నాడు.

మొదటి మలుపులో కారు ఇంత కూడా ఒరగలేదు. “అబద్ధం చెప్పకూడదు,” అన్నాడు ఆయన, “బొంగరం మాదిరి కుదురుగా ఉండాది.” బాలకృష్ణన్ ముఖం వెలిగింది. తర్వాత పీకేయకుండా మిగిలిన ట్రాము పట్టాలు వచ్చాయి, పొట్ట గీరుకుంది. కల్వర్టు వచ్చింది, ఇంకా గట్టిగా గీరుకుంది. తిరిగి వచ్చేదాకా తండ్రి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే కొడుక్కి ఎక్కువైంది.

ఇంటి ముందు బండి ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని బాలకృష్ణన్ చెప్పాడు. “పందేనికి సరి నాయనా. దినానికి కాదు. అమ్మను దీంట్లో మైలాపూరు తీసుకోని పోలేను. నీ పట్టీలే మళ్లీ వేసేస్తా.”

“నావి ఎందుకు? అటక మీదనే ఉండనీ,” అన్నాడు గోవిందస్వామి. “నీ వాటికే వంపు ఎక్కిద్దాము. ఉక్కు మంచిది, చెయ్యీ మంచిది. మూడు వేళ్ల ఎత్తే గదా తక్కువ.”

మర్నాడు బాలకృష్ణన్ ఉద్యోగానికి ఒక రోజు సెలవు పెట్టి దాగలి ముందు నిలబడ్డాడు. మునిరాజు సమ్మెట ఎత్తాడు. తిత్తి దగ్గర గోవిందస్వామి కూర్చుని గాలి ఊదుతున్నాడు. అంతలో లారీ డ్రైవరు కాళిముత్తు వచ్చాడు.

“మేస్త్రీ, బండి వెనక పక్క కూలబడింది. కాస్త చూస్తావా?”

గోవిందస్వామి తిత్తి ఆపకుండానే గడ్డంతో కొడుకును చూపించాడు. “మేస్త్రి ఆడ ఉండాడు, పోయి అడుగు. నేను తిత్తి ఊదేవాణ్ణి.”

బాలకృష్ణన్ ఎత్తిన సుత్తి దించి, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

“ఏందిరా?” అంది గుమ్మంలో నుంచి చెంగమ్మ.

“పొగమ్మా.”

ఆ రోజు కొలిమిలో పొగే లేదు.