రెండు గీతలు కలిసేలోగా

గెడ్డ పొంగి కంచరపాలెంలో రైలు పట్టాలు మునిగిన ఏడు అది. నీళ్లు తీశాక బురద ఇంకా ఆరలేదు, విశ్వకర్మ పూజ వచ్చేసింది. ఆ పొద్దున్నే గాజువాకలో దేవీప్రసాద్‌ని చంపేశారు.

టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. బైక్ మీద ఇద్దరు వచ్చారు. వెనకవాడు చెయ్యి విసిరాడు. వాడి చేతి మీద తేలు పచ్చబొట్టు. టీ గ్లాసు పగిలింది, మెడ పక్కన తెగింది. సీక్రెట్ సర్వీస్ మనిషి కాలువ పలక మీద కూలిపోయాడు.

తోటి ఏజెంట్ వరహాలు షేర్ ఆటో దిగి పరిగెత్తుకొచ్చాడు. దేవీప్రసాద్ చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. స్క్రీన్ మీద ఏదో షేరు చార్టు. ఒక ఎర్ర గీత, ఒక నీలం గీత.

"కలిస్తే... పేలిపోతాది," అన్నాడు దేవీప్రసాద్. అంతే. మళ్లీ మాట్లాడలేదు.

పాత ఊళ్లో ఓడల తాళ్లు అమ్మే దుకాణం ఉంది. దాని వెనక గదిలో చీఫ్ అబ్దుల్ రజాక్ కూర్చుని ఉన్నాడు. రక్తం అంటిన ఫోను ముందు పెట్టుకున్నాడు. ఎదురుగా వరహాలు నిలబడ్డాడు.

"ఫోన్లు మనం వింటన్నామని వాళ్లకి తెలుసు మియా. అందుకని ఫోన్ చెయ్యరు. ఈ షేరు ఊళ్లో ఎవడూ కొనడు, ఎవడూ అమ్మడు. విదేశంలో కూర్చున్న ముఠా తనే కొని తనే అమ్ముతాది. చార్టు తనకి కావాల్సినట్టు గీసుకుంటాది. ఇక్కడున్నోడు సూత్తాడు, బాంబు బటన్ నొక్కుతాడు."

"గీతలేటి భాయ్?"

"మూవింగ్ ఏవరేజ్‌లు. ఎర్రది ఇప్పటి ధరల సగటు. నీలంది పాత ధరలు కూడా కలిపిన సగటు. ఎర్రది నీలందాన్ని కోసి కిందికి దిగితే డెత్ క్రాస్ అంటారు. ఈరోజు నిజంగానే డెత్. బాంబు పోర్టులో ఏదో క్రేన్ మీదుందని కబురు. పక్కనే అమోనియా పైపు. గాలి ఊరి వైపు. పేలాక పోర్టు షేర్లు పడిపోతాయి. ముఠా ముందే అమ్ముకుని కూసుంది, పడ్డాక చవగ్గా కొని లాభం తింటాది."

"జనాన్ని ఖాళీ చేయించీండి."

"జనం కదిలితే వాడు అప్పుడే నొక్కేత్తాడు." రజాక్ గొంతు తగ్గించాడు. "రోజారమణి కూడా వత్తాది. మధురవాడలో ట్రేడింగ్ క్లాసులు చెప్తాది. మన జీతం తింటాది, వాళ్లదీ తింటాది. అనుమానం వస్తే కాల్చెయ్."

వరహాలు కలాసీ వేషం వేశాడు. వాచీలో చార్టు నడుస్తోంది. క్యారియర్ అడుగు గిన్నెలో పిస్టల్. పోర్టులో బ్యాండు మేళం చెవులు పగలగొడుతోంది. ప్రతి క్రేన్‌కీ మామిడాకులు, బంతిపూలు, బూడిద గుమ్మడికాయ. పూజ చూడ్డానికి కార్మికులు పెళ్లాం పిల్లలతో వచ్చారు. వాళ్ల మధ్య వరహాలు అక్క నూకాలు పులిహోర వడ్డిస్తోంది. ఆమె మొగుడు క్రేన్ ఆపరేటరు.

"ఏట్రా ఆ మొగం? పూజకొచ్చావా, తగువుకొచ్చావా?"

"ఇంటికెల్లిపో అక్కా."

"ఎల్లిపోతే పులిహోర నువ్వెడతావేటి? మీ బావ ఇంకా కొబ్బరికాయ కొట్నేదు. ఆ పక్క క్రేను సూడు. తొడిమ నేని గుమ్మడికాయ కట్టేరు. ఏ సన్నాసి కట్టేడో, దరిద్రం."

వరహాలు వినలేదు. అతని కళ్లు ఒక పట్టుచీర మీద, నల్ల కళ్లద్దాల మీద ఉన్నాయి.

"వాల్యూమ్ ఎలాగుంది?" అన్నాడు దగ్గరకెళ్లి.

"కొనేవాడు లేడు," అంది రోజారమణి. కోడ్ సరిపోయింది. అయినా పిస్టల్ ఆమె పక్కటెముకలకి ఆనింది.

"కాల్చు. ముందు వాచీ చూడు."

చూశాడు. షేరు ధర నిలువునా పడిపోయి ఉంది. ఎర్ర గీత మాత్రం ఇంకా నీలం పైనే ఉంది. మెల్లగా వంగుతోంది.

"ధర పడ్డాక గానీ సగటు పడదు. సిగ్నల్ ఏది పెట్టాలో ముఠావాళ్లు నన్నే అడిగారు. ఆర్‌ఎస్‌ఐ అనే సూచీ అయితే ధరతో పాటే పడిపోయేది, ఈపాటికి మనం ఉండం. ఆ ఆలస్యం మీకోసమే పెట్టించాను. దేవీప్రసాద్‌కి ఆ చార్టు పంపింది కూడా నేనే."

"నొక్కీవోడు?"

"నరేష్. నా స్టూడెంటే. అదిగో, ఆ పడవలో గొడుగు కింద. రిమోట్ రేంజ్ తక్కువ, అందుకే దగ్గర్లో ఉన్నాడు. చార్టు తప్ప లోకం చూడడు."

"బాంబు?"

"గుమ్మడికాయలో. ఏ క్రేనో నాకు చెప్పలేదు."

వరహాలుకి అప్పుడు అక్క మాట చెవికెక్కింది. కాయని తొలిచి మందు కూరాలంటే తొడిమ ఊడదీయాలి. ఊళ్లో పుట్టినవాడెవడూ తొడిమ ఊడిన కాయ దిష్టికి కట్టడు.

పరిగెత్తాడు. నిచ్చెన మొదట్లో ఒకడు అడ్డం వచ్చాడు. చేతి మీద తేలు పచ్చబొట్టు. పిస్టల్ పేలితే మేళాన్ని మించి పడవకి వినబడుతుంది. వరహాలు క్యారియర్‌తో మొహం మీద కొట్టాడు. పళ్లు రాలాయి. రెండో దెబ్బకి ముక్కు లోపలికి పోయింది. వాడు పడుతూ కత్తి దూశాడు. ఆ కత్తికి వెనకే వచ్చిన రోజారమణి అడ్డం పడింది. పట్టుచీరలోంచి పిడి ఒక్కటే కనబడింది. వరహాలు వాడి మెడ పట్టి ఇనప మెట్టుకేసి కొట్టాడు. వాడు కదలడం మానేసేదాకా కొట్టాడు.

"వెళ్లు," అంది రోజారమణి.

ఎక్కాడు. క్యాబిన్ కింద వలతాడులో కాయ వేలాడుతోంది. నెత్తిన తొడిమ లేదు, మైనం ఉంది. తాడు పళ్లతో తెంపాడు. వాచీలో ఎర్ర గీత నీలం గీతని తాకింది.

పడవ కేసి విసిరాడు.

కాయ పడవ అంచున నీళ్లలో పడింది. నీళ్లు మొహం మీద చిందితే నరేష్ తుడుచుకున్నాడు. చార్టు మీంచి తల ఎత్తలేదు. గీతలు కోసుకున్నాయి. బటన్ నొక్కాడు.

నీళ్లు క్రేన్ ఎత్తున లేచాయి. గొడుగు ఊచలూ, పడవ చెక్కలూ, నరేష్ ముక్కలూ బెర్తు మీద పడ్డాయి. బ్యాండు మేళం ఆగిపోయింది. జనం చెల్లాచెదురయ్యారు. అమోనియా పైపుకి గీత కూడా పడలేదు.

వరహాలు దిగేసరికి రోజారమణికి ఊపిరి కొద్దిగా ఉంది.

"నష్టాన్ని ఆపే స్టాప్ లాస్ పెట్టుకోవడం మర్చిపోయాను," అని నవ్వబోయింది. నవ్వు పూర్తవలేదు. నూకాలు వచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. ఎవరని అడగలేదు.

మర్నాడు పొద్దున్న వరహాలు పూర్ణా మార్కెట్‌కి వెళ్లాడు. మధురవాడలో తాళం పడ్డ ఒక క్లాసు గుమ్మానికి కట్టడానికి బూడిద గుమ్మడికాయ కావాలి. ఒకటి తీసుకుని తొడిమ పట్టి గట్టిగా లాగాడు.

"అలా లాగితే ఊడిపోతాది బావా," అన్నాడు కొట్టువాడు.

"ఊడకపోతేనే కొంతాను," అన్నాడు వరహాలు.