ఎర్ర పోగుల కట్ట

సూరత్ దగ్గర కామ్‌రేజ్ దాటి, హైవే దిగి కొంతదూరం పోతే పడవల చెరువు ఒకటుంది. పొద్దు గూకాక దాని కట్ట కింది వైపు ఎవరూ అడుగు పెట్టరు. పగలు పడవలెక్కి నవ్వుకునేవాళ్ళు కూడా ఆ వాలు కనబడగానే పిల్లల చేయి పట్టుకుంటారు.

అక్కడ ఎర్రదారం కడితే... తెల్లారేసరికి ఉండదు. కట్టినవాళ్ళకు మంచి జరగదు. ఇదీ దానికున్న పేరు.

నాకీ సంగతి చెప్పినవాడు ఉమాకాంత్. సూరత్ తెలుగు బడిలో నా దగ్గర ఏడో తరగతి చదివాడు. ఇప్పుడు కట్టలు పరీక్షించి కాగితం రాసిచ్చే ఇంజనీరు. చెప్పినంతసేపూ కుడికాలి మేజోడు మాత్రం విప్పలేదు.

ముందు ఆ దారాల సంగతి చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఆ కట్టకు వాచ్‌మన్ రాజలింగం. సూరత్‌లోని వడోద్‌లో ఇరవై ఏళ్ళు మగ్గాలు నడిపి, ఆ మోతకు చెవులు మందగించాక ఈ పనికి వచ్చాడు. రోజూ పొద్దున్నే కట్ట కింది వాలు మీద నడిచి, చెమ్మ కనబడ్డ చోటల్లా వెదురు మేకు దిగ్గొట్టి ఎర్ర నూలు పోగు ముడేసేవాడు. మగ్గాలవాళ్ళ అలవాటే అది. తానులో నేత తప్పిన చోట, చూసేవాడికి తెలియాలని రంగు పోగు కడతారు. కట్ట కూడా ఆయనకు ఒక తానే.

షికారుకు వచ్చినవాళ్ళకు ఇదేం తెలుసు? ఎర్రదారం చూసి మొక్కు అనుకున్నారు. ఒకరిని చూసి ఒకరు కట్టారు... పెళ్ళి కావాలని, ఫ్లాటు కావాలని. ఏది తప్పు గుర్తో, ఏది కోరికో తెలియకుండా పోయింది. రాజలింగం మొక్కుదారాలు తెంపి పారేసేవాడు, తిట్లు తినేవాడు.

మట్టికట్ట ఏదైనా కాస్త చెమరుస్తుంది. ఊరే నీళ్ళు తేటగా ఉన్నంతవరకు భయం లేదు. ఎర్రగా, బురదగా వస్తే మాత్రం, కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. లోపల బొరియ పెరుగుతూ ఉంటుంది... ఒకరోజు కట్ట ఉండదు.

ఆ కట్ట కింద నలభై గదులున్నాయి. అన్నీ మగ్గాల కుటుంబాలే. రాజలింగం, భార్య ఎల్లవ్వ ఉండేదీ అక్కడే.

పోయినేడు వానలకు ముందు రాజలింగం సీసాలో ఊటనీళ్ళు పట్టి ఉమాకాంత్ ఆఫీసుకు తెచ్చాడు.

"సార్, ఎర్రగొస్తున్నయి. జర వచ్చి సూడుండ్రి."

"నీ పని పడవలకు కాపలా. కట్ట సంగతి నాకు నేర్పుతవా?" అని ఉమాకాంత్ నవ్వాడు. ఎప్పటిలాగే కుర్చీలోంచే 'క్షేమం' అని రాశాడు.

పద్దెనిమిది రోజులకు, వానలో వాలు జారింది. ఇసుక బస్తా వేయబోయిన రాజలింగం మట్టి కింద పోయాడు. చెరువు యజమాని రెండు లారీల మట్టి పోయించి చదును చేయించాడు. ఉమాకాంత్ కాగితం మీద ఇట్లా రాశాడు — తాగి జారిపడ్డాడు.

రాజలింగం మెళ్ళో తులసిమాల ఉండేది. కల్లు కూడా ముట్టనివాడు.

ఆ తర్వాతే దారాలు మాయం కావడం మొదలైంది. మొక్కుదారాలన్నీ పోయేవి. కొన్ని మాత్రం మిగిలేవి. ఆ మిగిలినవి... నెలనెలా కట్ట పైకి పాకుతున్నట్టుండేవి.

ఈ వేసవిలో సెలవుల రద్దీకని చెరువు నిండా కాలువ నీళ్ళు పట్టారు. వానలకు ముందు మళ్ళీ 'క్షేమం' కావాలి. ఈసారి కట్ట మీద నిలబడ్డ ఫోటో కూడా కావాలన్నారు సర్కారు ఆఫీసువాళ్ళు. అందుకే వచ్చాడు ఉమాకాంత్. వచ్చేసరికి చీకటి పడింది.

ఫోటో తీసుకున్నాడు. తిరగబోతుంటే, కింద...

టక్... టక్...

మేకు దిగ్గొడుతున్న చప్పుడు.

"కౌన్ హై?"

ఎవరని అరుస్తూనే సెల్ లైటు వేశాడు. వాలు మీద, యూరియా సంచి ముసుగేసుకుని వంగి ఉన్న మనిషి. వానలో రాజలింగం అట్లాగే ఉండేవాడు.

"సార్..." గుసగుస. "జర వచ్చి సూడుండ్రి."

ఎందుకు దిగానో తెలియదు టీచర్, అన్నాడు ఉమాకాంత్. ఆరడుగులు... ఏడు... ఎనిమిదో అడుగుకు కుడికాలు మోకాలిదాకా దిగబడింది. లాగితే రాలేదు. అరికాల్లో చురుక్కుమంది.

ముసుగులోంచి ఒక చేయి సీసా అందించింది.

"తేటగున్నయా... ఎర్రగున్నయా?"

"ఎర్రగా..."

"రాయుండ్రి."

"చీకట్లో కనబడట్లేదు..."

"మీరు సూడకుంటనే రాస్తరు గద సార్."

సెల్‌లోనే రాశాడు — కట్ట ప్రమాదంలో ఉంది, చెరువు వెంటనే ఖాళీ చేయాలి. యజమానికీ, సర్కారు ఆఫీసుకూ పంపాడు.

"ఇంకోటున్నది" అంది గొంతు. "తాగలేదని."

అదీ రాశాడు. మూడుసార్లు తప్పుపడితే చెరిపి మళ్ళీ రాశాడు. ముసుగు కదలకుండా కాచుకుంది.

పంపాక ముసుగు జారింది. ఎల్లవ్వ.

"నువ్వా..."

"నేనే. పట్టపగలు ఎనిమిదిసార్లు నీ ఆఫీసుకొస్తి బిడ్డా. బతికున్నది చెప్తే ఇనకపోతివి. సచ్చినోడు చెప్తే ఇంటివి. చెయ్యియ్యి, గుంజుత."

ఏడాదిగా మొక్కుదారాలు తెంపిందీ, చెమ్మ పాకిన కొద్దీ మేకులు మార్చిందీ ఆమే.

తెల్లారి తూము ఎత్తి చెరువు నీళ్ళు వదిలారు. నలభై గదులు నిలిచాయి. దెయ్యం లేదు, ఒక ఆడమనిషి కసి అంతే... అని నేను లేవబోయాను.

"అయిపోలేదు టీచర్" అన్నాడు.

నీళ్ళు పోయాక కట్ట తవ్వారట. లోపల, మనిషి కూర్చునేంత బొరియ. దాని గోడల నిండా వెదురు మేకులు. ఒక్కోదానికి ఒక్కో ఎర్ర పోగు.

"పైన కొట్టినవే అయ్యుంటాయి. లోపల మట్టి పోతే మేకులు అటు పొడుచుకొస్తాయి కదా" అన్నాను.

"నేనూ అట్లాగే అనుకున్నా. కానీ మొనలు... బయటి వైపున్నాయి."

లోపల కూర్చుని కొట్టినట్టు.

"ఒకటి నా కాలు దిగబడ్డ చోటనే ఉంది" అంటూ మేజోడు విప్పాడు.

అరికాలు నడుమ గుండ్రటి గాయం. రెండు నెలలైనా మానలేదు, చెమరుస్తూనే ఉంది. దూది తెచ్చి అద్దాను. దీపం దగ్గర పెట్టి చూశాను.

నెత్తురు కాదు... చీమూ కాదు.

మట్టి.