తోడు ట్యూబు

ఆస్పత్రిలో నన్ను రంగులమ్మ అంటారు. కలుపు మందు తాగినవాళ్ల మూత్రంలో చిటికెడు తెల్ల పొడి వేసి, ఏ రంగు తిరిగిందో చెప్పడం నా పని. రంగు మారకపోతే ఊపిరి పీల్చుకోవచ్చు. లేత నీలమైతే కాస్త ఆశ. సిరా రంగు వచ్చిందా, ఆ మనిషి ఇప్పుడు కూర్చుని కబుర్లు చెబుతున్నా సరే, రెండు మూడు రోజుల్లో కిడ్నీలు మొరాయిస్తాయి.

రోగి ట్యూబు పక్కన ఆరోగ్యంగా ఉన్నవాళ్లది ఒకటి పెట్టి పోల్చి చూస్తాను. దాన్ని తోడు ట్యూబు అంటాం. అందుకు ఎవరినడిగినా మొహం తిప్పుకుంటారు. అందుకని సిగ్గు పక్కన పెట్టి ఎప్పుడూ నాదే పెడతాను. "నీ అంత శుద్ధమైన మనిషి ఇంకెవరున్నారులే" అని డాక్టరమ్మ ఆటపట్టిస్తుంది.

ఆ రోజు పొద్దున వచ్చిన రోగి మా తమ్ముడు.

వాడికి మొక్కల నర్సరీలో పని. ఎవడో బుద్ధిలేనివాడు కలుపు మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టాడు. దాహం మీద వీడు ఒక గుక్క గటుక్కున మింగాడు. "మిగతాది ఉమ్మేశానక్కా, ఏం కాదులే" అని నన్నే ఓదార్చాడు. పొడి వేశాను. నా ట్యూబు తేటగా ఉంది. వాడిది సిరా.

"కిడ్నీలు పోతేనేంరా, నాదొకటి ఇస్తాలే" అని నవ్వబోయాను. నవ్వు రాలేదు.

డాక్టరమ్మ వాడికి రక్తం శుభ్రం చేసే మెషీను పెట్టించింది. "సాయంత్రం మళ్లీ చూద్దాం. అప్పటికీ ఇదే రంగుంటే..." అని, నా వంక చూడకుండా వెళ్లిపోయింది. వార్డుకూ ల్యాబుకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. భోజనం తెస్తానని మా అమ్మాయి ఫోన్ చేసింది. వానలో వద్దన్నాను. నా మాట వింటే కదా!

సాయంత్రం వాన పెరిగింది. కరెంటు పోయి, కాసేపటికి వచ్చింది. వాడి సీసా, నా సీసా పట్టుకుని ల్యాబు తలుపు వేసుకున్నాను. సింకులో నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. ఫినాయిలు వాసన మధ్యలోంచి ఇంకో వాసన... కలుపు మందు కంపు. సీసాల మూతలు ఇంకా తియ్యనే లేదు.

పొడి వేశాను.

వాడిది తేటగా ఉంది! ఆనందం పట్టలేక తోడు ట్యూబు వైపు చూశాను.

సిరా.

కంగారులో తారుమారు చేశానేమో... కడిగి మళ్లీ పోశాను. అదే రంగు. పొద్దుటి నుంచి నేను మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. బాత్రూంకి వెళ్లి మళ్లీ పట్టుకొచ్చాను. పొడి తగిలీ తగలగానే నీలం తిరిగింది.

వార్డుకు పరుగెత్తాను. తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"గొంతు మంట పోయిందక్కా. పాపం, మంచావిడ."

"ఎవర్రా?"

"ఇందాక కరెంటు పోయినప్పుడు వచ్చిందిగా. నీ బదులు ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది. కిడ్నీ గురించేమోనని, మా అక్క ఇస్తుందని చెప్పాను."

"ఎలా ఉంది?"

"చీకట్లో కనపడలేదు. చెయ్యి పట్టుకుంది... తడిగా ఉంది."

నర్సు తల అడ్డంగా ఊపింది. "ఎవరూ రాలేదండీ. నేను గుమ్మంలోనే ఉన్నాను."

నిజం చెప్పాలంటే, భయం కంటే ముందు సంతోషమే వేసింది. వీడు బతుకుతాడు. ఆ తర్వాతే నా నాలుక మీద మంట మొదలైంది.

డాక్టరమ్మకు ఫోన్ చేద్దామని ల్యాబులోకి వచ్చాను. కంపు ముక్కు పగిలిపోయేలా ఉంది. శాంపిళ్లు అందుకునే చిన్న కిటికీ మీద ఎవరో తట్టారు. మెల్లగా.

"నీకెవరున్నారమ్మా?"

రెండు చేతులతో నోరు మూసుకున్నాను. నాకున్నది ఒక్కతే. చచ్చినా ఆ మాట నా నోట రాదు.

"నీ బదులు... ఎవరున్నారు?"

ఊపిరి బిగబట్టాను. కాసేపటికి తడికాళ్ల చప్పుడు వరండాలోకి సాగిపోయింది. గట్టెక్కాననుకున్నాను.

అంతలో బయట గొడుగు మూసిన చప్పుడు. ఆ వెంటనే, ఎవరు పలకరించినా మర్యాదగా బదులిచ్చే మా అమ్మాయి గొంతు.

"అవునండీ, వాళ్లమ్మాయినే. అమ్మకోసమైతే ఇస్తానండీ. ఏం కావాలి?"

తలుపు వైపు దూకాను. గడియ మీద చెయ్యి పడేలోపే, నా నాలుక మీది మంట చల్లారిపోయింది.