మూడో గాదెలో మామయ్య

ధాన్యం గోదాముల దగ్గర మూడో నంబరు ఇనుప గాదెకి మంచి పేరు లేదు. ఖాళీ చేస్తుంటే మూలుగుతుంది. ఊఁ... ఊఁ... అని, అచ్చం భోంచేసి వాలిన మనిషిలా.

మూలిగేది తూకాల తాత అని అక్కడివాళ్ల నమ్మకం. తూకాల తాత అంటే అక్కడే తూకాలు వేసిన మా మామగారు.

ఆయన పోయింది ఇంట్లో, మంచం మీద. పక్కన నేనే ఉన్నాను. ఎంత చెప్పినా వాళ్లు వినరు. బతికున్నన్నాళ్లూ ఆయన ఆ గాదె అడుగునే కునుకు తీసేవారట, ధాన్యం దిగే నడిమి తలుపు కింద గోనె పరుచుకుని. "తాత నిద్ర చెడుతుంది" అని ఏడాదిగా ధాన్యమంతా పక్క తలుపు నుంచే తీస్తున్నారు.

మా అమ్మాయి అక్కడ ఆపరేటరు. ఆ సాయంత్రం టిఫిను డబ్బా మరిచిపోతే పట్టుకెళ్లాను. మసక చీకటి. అది మూడో గాదె నిచ్చెన మీద ఉంది — ధాన్యం ఎంత దిగిందో చూడ్డానికి ఎక్కుతోంది. కింద పక్క తలుపులోంచి ధాన్యం జారుతోంది.

ఊఁ...

"తాత లేచాడు," మేస్త్రీ గుసగుసలాడాడు. "కదలకండి అక్కా."

"గాదె కింద పందికొక్కని విన్నాను గానీ—"

ఢాం!

నిచ్చెన ఊగింది. "అమ్మా!"

గోడ మీద చెయ్యి వేశాను. లోపలికి పోతోంది... అరచేతి కింద, మెల్లగా. అవతలి వైపుకి పరిగెత్తాను. అక్కడ డోలులా బిగిసి ఉంది.

ముగ్గుర్ని ఎత్తుకుని పెంచాను. ఒకే చంకన మోస్తే నడుం ఏమవుతుందో నాకొకరు చెప్పక్కర్లేదు.

"పక్క తలుపు మూసెయ్యి."

"తాతకి కోపం వస్తే..."

"నాకొచ్చింది. ముయ్యి!"

మూశాడు. మూలుగు ఆగింది. అమ్మాయి దిగింది. టిఫిను డబ్బా దాని చేతిలో పెట్టాను.

అక్కడితో ఊరుకోలేకపోయాను. రేపు మళ్లీ పక్క తలుపే తీస్తారు. మళ్లీ నా పిల్లే ఎక్కుతుంది.

తల వంచుకుని గాదె కిందికి దూరాను. పాతికేళ్ల కాపురంలో మామగారి ఎదుట గొంతెత్తింది లేదు.

"మామయ్యగారూ... కాస్త జరగండి. మీ మనవరాలు పని చేసుకోవాలి."

పిడి లాగాను. నడిమి తలుపు తెరుచుకుంది. ధాన్యం చడీచప్పుడు లేకుండా దిగింది.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదన్నాడు. ఒక పక్కనుంచే తీస్తే గోడ మీద బరువు ఒకచోట తగ్గి, ఇంకోచోట పెరుగుతుందట. రేకు వంగి మూలుగుతుందట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఇంజనీరు వంగి, నడిమి తలుపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది తెరిచిందెవరు?"

"నేనే. పిడి లాగి."

"పిడికీ తలుపుకీ మధ్య కడ్డీ ఎప్పుడో తెగిపోయిందమ్మా... లోపలినుంచి ఎవరో తీస్తే తప్ప రాదు."

మేస్త్రీ చెప్పులు చేతపట్టుకుని వెనక్కి నడిచాడు.

జరగమన్నాను. జరిగారు.

బతికుండగా ఒక్కమాటకి జరిగిన మనిషి కాదు.