కొండ మీద తీసిన లోలాకులు

"ఈ దారి వేసింది మనిషా, మేకా?"

ఎర్మెక్ గట్టిగానే అన్నాడు. వెనక్కి జారకుండా స్కీల అడుగున బొచ్చుపట్టీలు అంటించుకుని కొండ ఎక్కుతున్నాడు. ముందు వెళ్లినవాళ్లెవరో మెత్తటి మంచులో దారి తొక్కి పెట్టారు. ఆ దారి వంకరలు తిరగకుండా నిటారుగా పోతోంది. రెండడుగులు ఎక్కితే ఒక అడుగు జారుతోంది.

పైనున్న చెట్టు చాటు నుంచి జవాబు వచ్చింది.

"మేకే. గడ్డం లేదంతే. అంత కష్టంగా ఉంటే నీ దారి నువ్వు తొక్కుకో. ఎవరు రమ్మన్నారు?"

వెనక వస్తున్న స్నేహితుడు మక్సత్ పగలబడి నవ్వాడు. ఎర్మెక్ తలెత్తి చూశాడు. చెట్టు కింద ఒక అమ్మాయి నిలబడి ఉంది. వెడల్పాటి బోర్డును నిలువునా రెండుగా విడదీసి, రెండు కాళ్లకూ స్కీల్లా తగిలించుకుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కోపానికో చలికో తెలియలేదు.

"దారి తొక్కినవాళ్లకు థాంక్స్ చెబుతారు మా ఊళ్లో. మీ జిర్గలాన్ ఊళ్లో ఆ అలవాటు లేదా?" అంది.

"ఉంది," అన్నాడు ఎర్మెక్. ఇంకేదో అందామనుకున్నాడు. అనకుండా వంగి బొచ్చుపట్టీ సరిచేసుకున్నాడు.

ఆమె పేరు బురుల్చా. పక్క ఊళ్లో గుర్రాలు పెంచే సాతర్ కూతురు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ముగ్గురూ కలిసే కొండెక్కారు. ముందు బురుల్చా, వెనక ఎర్మెక్, ఆ వెనక ఆపకుండా మాట్లాడుతూ మక్సత్. పైకి చేరాక ఆమె రెండు ముక్కల్నీ కలిపి బోర్డు చేసుకునేది. ఒకరి తరువాత ఒకరు దిగేవాళ్లు. మంచు విరిగిపడినా మిగతావాళ్లు బయట ఉండి తవ్వి తీయడానికి అదే పద్ధతి. ఆమె దిగుతున్నంతసేపూ ఎర్మెక్ రెప్ప వేసేవాడు కాదు.

"చూసింది చాలు, నీ వంతు వచ్చింది," అనేవాడు మక్సత్.

"మంచు ఎలా ఉందో చూస్తున్నా."

"అవునవును. మంచు జడ వేసుకుంది. బాగుంది కూడా."

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం చలి ముదిరింది. మీసాలు గడ్డకట్టాయి. దిగబోయే ముందు శిఖరం కింద బురుల్చా స్కీల పట్టీలు ఊడదీసి, రెండు చెవులూ పట్టుకుంది.

"అబ్బా, వెండి కాలుస్తోంది!"

చెవుల నుంచి లోలాకులు తీసింది. ఆమె కోటు లోపల అప్పటికే బొచ్చుపట్టీలు ఉన్నాయి. వాటిని ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచకపోతే జిగురు పట్టదు.

"నా దగ్గర చోటు లేదు. నీ లోపలి జేబులో వేసుకో, ఎర్మెక్. పారేశావో, మా నాయనమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది."

అతను వాటిని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

కిందికి దిగాక వేడి టీ తాగుతూ ఆమె ఒక మాట చెప్పింది. కొండల అవతలి ఆల్మాటీ పట్నంలో ఒక స్కీ బడి వాళ్లు పనికి పిలిచారు. మార్చిలో వచ్చే నౌరూజ్ పండుగలోపు ఏ సంగతో చెప్పాలి.

ఎర్మెక్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. వెళ్లొద్దు అనాలి. అంతకంటే ముందు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. మూడు నెలలుగా అది గొంతులోనే ఉంది.

"మంచిదే," అన్నాడు.

"అంతేనా?"

"దారిలో జాగ్రత్త."

మక్సత్ నుదురు కొట్టుకున్నాడు. బురుల్చా మిగిలిన టీ మంచులో పారబోసి, ఇంకెవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది. లోలాకుల సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

మర్నాడే ఎర్మెక్ వేరే కోటు వేసుకుని, స్కీల కోసం ఊరికి వచ్చిన అతిథులను కొండ మీది గుడిసెకు తీసుకెళ్లాడు. నాలుగు రోజులు అక్కడే. తిరిగి వచ్చేసరికి వీధి మొదట్లో ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"శుభం, అబ్బాయ్, శుభం! మూగవాడివనుకున్నాం, గట్టివాడివే!"

రొట్టెల అంగడి ఆవిడ కూడా అదే మాట అంది. కుక్క ఒక్కటే ఏమీ అనలేదు.

ఇంట్లో తల్లి గుల్సున్ కొత్త శాలువా కప్పుకుని ఉంది. కొడుకును చూడగానే కళ్లు తుడుచుకుంది.

"నీ కోటు ఉతుకుదామని తీశానురా. రుమాల్లో లోలాకులు! ఎంత అందంగా కొన్నావురా నాయనా. కొని, నోరు విప్పలేక దాచుకున్నావు. మీ నాన్నా ఇంతే. ఎవరికని మక్సత్‌ను అడిగితే ఒక్కటే పేరు చెప్పాడు. ఇంకెందుకు ఆలస్యమని మీ పిన్నిని తీసుకుని, నూనెలో పిండి బోర్సోక్‌లు వేయించి పట్టుకుని వెళ్లాను. నా చేత్తో నేనే ఆ పిల్ల చెవులకు పెట్టి వచ్చాను."

ఎర్మెక్ గోడకు ఆనుకున్నాడు. ఆ ఊళ్లలో పిల్లవాడి తల్లి వెళ్లి పిల్ల చెవికి లోలాకు పెట్టిందంటే సంబంధం ఖాయమైనట్టే. ఆ మీదట మాట తప్పితే రెండు ఇళ్లకూ తలవంపులు.

"అమ్మా, అవి నేను కొన్నవి కావు."

"మరి?"

"ఆమెవే. చలికి తీసి దాచమని ఇచ్చింది."

గుల్సున్ నిలబడ్డ చోటే కూలబడింది.

"ఆ పిల్ల నగలు ఆ పిల్లకే తీసుకెళ్లి పెట్టానా? ఆ పిల్ల ఒక్క మాటా అనలేదేమిరా! జడ పక్కకు జరిపి చెవి చూపించింది. సాతర్ గారు గొర్రెను కూడా కోశారు. అయ్యో, ఇంక ఆ ఊరి వైపు ఎలా చూడను?"

"నేను వెళ్తానమ్మా."

"వెళ్లి ఏం చెబుతావు?"

అతనికీ తెలియదు. స్కీలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అడగకుండా ఆమెను కట్టిపడేసినట్టయింది. ఇప్పుడు ఆమె కాదంటే అమ్మ పరువు పోతుంది. ఆ పరువు కోసమే ఆమె ఒప్పుకుని ఉంటే? అది అన్నిటికంటే భయంగా ఉంది.

సాతర్ గుర్రాల పాక ముందు పేడ ఎత్తుతున్నాడు.

"వచ్చావా అల్లుడూ! గొర్రె అయిపోయింది. ఎముకలున్నాయి, కావాలా?"

"బురుల్చా..."

"పాక వెనక గుట్ట మీద. పొద్దున్నుంచి ఎక్కడం, దిగడం. ఎవరి మీద కోపమో నాకు చెప్పలేదు. నీకు చెబుతుందేమో వెళ్లు."

గుట్ట మీద ఆమె బోర్డు పక్కన పెట్టుకుని కూర్చుంది. అతను రొప్పుతూ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. టోపీ అంచు కింద లోలాకులు ఊగుతున్నాయి.

"అవి నీవే," అన్నాడు.

"నాకు తెలీదా? చిన్నప్పుడు ఒకదాన్ని నేనే కొరికాను. ఇదిగో, ఇంకా నొక్కు ఉంది."

"మరి మా అమ్మ పెడుతుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"ఆమె చేతులు వణికాయి. మూడుసార్లు ప్రయత్నించినా చెవి తూటు దొరకలేదు. 'నొప్పిగా ఉందా తల్లీ' అని అడుగుతూనే ఉంది. ఆ మనిషితో ఏమనను? ఇవి నా సొమ్మే, దొరికినందుకు సంతోషం, పోయి రండి అననా?"

"అంటే... మా అమ్మ బాధపడుతుందని."

బురుల్చా అతని వైపు తేరిపార చూసింది.

"ఎర్మెక్, నీకు కొండలు తెలుసు, మంచు తెలుసు. ఇంకేమీ తెలీదు. జాలి పడితే టీ పోస్తారు. చెవి ఇస్తారా ఎవరైనా?"

అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

"అయితే నువ్వు ఒప్పుకున్నట్టేనా?"

"మీ అమ్మ అడిగింది. మీ అమ్మకు సరేనన్నాను." ఆమె లేచి బట్టల మీది మంచు దులుపుకుంది. "నువ్వు ఇంకా అడగలేదు. నీకు ఇంకా ఏమీ అనలేదు."

ఎర్మెక్ టోపీ తీసి చేత్తో నలిపాడు. కింద సాతర్ పార ఆపి ఇటే చూస్తున్నాడు.

"ఆల్మాటీ వెళ్లు," అన్నాడు చివరికి. "ఒక చలికాలం పని చేసి రా. నేను వద్దనను. అటు నుంచి వచ్చే కర్‌కరా కనుమ దారి మంచు కరిగి తెరుచుకోగానే..."

"ఇది అడగడమా, సెలవు ఇవ్వడమా?"

"ఆగు. వరసగా వస్తోంది." ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వు లేకపోతే ఆదివారాలు నాకెందుకు? మొదటి రోజు నువ్వు తిట్టినప్పటి నుంచి నాకు నువ్వే. ఎక్కడ పని చేసినా చెయ్యి. నన్ను చేసుకుంటావా?"

మాట గట్టిగా వచ్చింది. పాకలో గుర్రం సకిలించింది.

"ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలా!" అంది బురుల్చా. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. "చేసుకుంటాను. ఆల్మాటీకీ వెళ్తాను. రెండూనూ. సరేనా?"

"సరే."

"మళ్లీ ఒక్క మాటకు వచ్చావు."

ఆ సాయంత్రమే ఆమె అతనితో కలిసి జిర్గలాన్ వెళ్లింది. గుల్సున్ గుమ్మంలోనే తల దించుకుని నిలబడింది.

"తల్లీ, తప్పయిపోయింది. కొత్తవి చేయిస్తాను. వీటిని..."

"అత్తయ్యా, వీటిని చలికి నేనే తీసేశాను," అంది బురుల్చా. "మీరు పెట్టారు. ఇంక తీయను. వద్దంటే మీరే తీయండి."

గుల్సున్ చెయ్యి ఆమె చెవి దాకా వెళ్లి, బుగ్గ మీద ఆగిపోయింది. అలాగే ఆమెను లోపలికి తీసుకుపోయి పొయ్యి దగ్గర మంచి చోట కూర్చోబెట్టి, టీ పోసి, కొడుకు వైపు తిరిగింది.

"ఇంక చూస్తావేమిరా, మూగవాడా? స్కీలు బయటపెట్టి కట్టెలు తీసుకురా. పిల్ల కాళ్లు చల్లగా ఉన్నాయి."